కలుపు గుళికకు ముందూ వెనుకా

విశాఖ జిల్లాలోని పద్మనాభం పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక్క రోజుకే కట్టుబడిపోయింది. 1794 జులై 10న ఇక్కడి కొండ దిగువన విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి ప్రాణాలు విడిచాడు. తగవు పేష్కష్ (కప్పం) బకాయిల మీద వచ్చింది. పేష్కష్ ఏ ఖజానాకు చేరినా, అది మొదట రైతు మడిలో పండిన ధాన్యమే. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు విధానం, 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టం కూడా ఆ ధాన్యంలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఆ గింజ పండటానికి మడిలో ఎవరు ఏం చేశారన్నది మాత్రం లెక్కల్లోకి ఎక్కలేదు. గ్రామ అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నీటి ఆధారం రాసుకోవడానికి గడులున్నాయి. కలుపు తీసిన కూలికి గడి లేదు. అందుకే వరిమడిలోకి కలుపు గుళిక, అంటే కలుపును ఆపే మందు గుళిక, వచ్చిన కథను చాలామంది ఒక కంపెనీ తెచ్చిన సీసాతోనో సంచితోనో మొదలుపెడతారు. అసలు కథ అంతకు ఎంతో ముందే మొదలైంది. దమ్ము, ఊడుపు, నిలవ నీళ్లు అనే మూడు పాత పనులు వేసిన దారిలోనే గుళిక నడిచింది. ఆ దారి చెదిరిన చోట గుళిక కూడా తడబడుతోంది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

ఊడుపుల పద్ధతిని మనం నారు మార్చి నాటడంగా మాత్రమే చూస్తాం. నిజానికి అది మన పల్లపు భూముల్లో నడిచిన అతి పెద్ద కలుపు నివారణ పద్ధతి. నీళ్లు పెట్టి మడిని దమ్ము చేసినప్పుడు అప్పటికే మొలిచిన గడ్డి బురదలో కలిసి కుళ్లిపోతుంది. ఆకుమడిలో ఇరవై అయిదు, ముప్పై రోజులు పెరిగిన నారును తెచ్చి ఊడ్చేసరికి, వరికి కలుపు కంటే నెల రోజుల వయసు ముందుంటుంది. ఆ తర్వాత మడిలో నిలిచిన నీళ్లు గాలి అందనివ్వక చాలా రకాల గడ్డి విత్తనాలను మొలకెత్తనివ్వవు. ఈ మూడు కాపలాలనూ దాటి వచ్చేది ముఖ్యంగా ఊద. అది వరికి చుట్టమే, నీళ్లలోనూ పెరుగుతుంది, లేతగా ఉన్నప్పుడు చూపుకు వరి పిలకలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే ఆకు కాండాన్ని అంటుకునే చోట చూడాలి. వరికి అక్కడ పలచటి తెల్లని పొర, దాని పక్కన చిన్న చెవుల్లాంటి కొసలు ఉంటాయి. ఊదకు ఆ చోటు నున్నగా ఉంటుంది. వంగిన నడుంతో, మోకాలి కింది వరకు బురదలో నిలబడి, నిమిషానికి ఎన్నో మొక్కలను వేళ్లతో తడిమి ఆ తేడా పట్టడం కూలి ఆడవాళ్ల విద్య. బడిలో నేర్పిన విద్య కాదు గనుక దానికి విద్య అన్న పేరు దక్కలేదు.

ఆ విద్యకు చెల్లించిన వెల మాత్రం తక్కువ. దుక్కి, దమ్ము, గట్లు వేయడం మగవాళ్ల పనులు. ఊడుపు, కలుపు ఆడవాళ్ల పనులు. మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి అంతకన్నా తక్కువ రేటు ఉండేవి. 1976లో సమాన వేతన చట్టం వచ్చాక కూడా పొలం గట్టు మీద ఆ తేడా చెరిగిపోలేదు. ఊడ్చిన ఇరవై రోజులకు ఒకసారి, నలభై రోజులకు మరోసారి కలుపు తీయడం ఆనవాయితీ. అంటే శ్రావణ భాద్రపదాల్లో, పాత ధాన్యం అడుగంటి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో, ఇంటి పొయ్యి వెలిగించేది ఈ కూలి డబ్బే. దినమంతా బురదలో ఉన్నందుకు కాలివేళ్ల సందులు ఒరిసిపోయేవి, నడుము పట్టేసేది. ఈ రెండు నిజాలనూ కలిపే చూడాలి. చేతి కలుపు గొప్ప నైపుణ్యం, ఆ నైపుణ్యానికి దక్కింది నొప్పి, తక్కువ కూలి. ఒకదాన్ని మరిచి రెండోదాన్నే చెప్పే చరిత్ర సగమే అవుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత మొదటి కదలిక రసాయనంతో రాలేదు, ఇనప పరికరంతో వచ్చింది. 1953లో దేశమంతా జపాన్ పద్ధతి వరి సాగును ప్రచారం చేశారు. సాళ్లలో నాటండి, సాళ్ల మధ్య తిరిగే వీడరు తొయ్యండి అన్నది అందులో ఒక పాఠం. సాళ్లు పట్టి ఊడ్చడానికి ఎక్కువ సమయం, ఎక్కువ కూలి కావాలి. అడ్డదిడ్డంగా ఊడ్చిన మడిలో వీడరు నడవదు. అందుకని ఆ పరికరం ప్రదర్శన క్షేత్రాలు దాటి పెద్దగా పోలేదు. తర్వాతి మార్పు విత్తనంలో వచ్చింది. 1965, 66 సంవత్సరాల్లో తైచుంగ్ నేటివ్-1, ఆ వెంటనే ఐఆర్-8 వచ్చాయి. పాత నాటు రకాలు నిలువెత్తు పెరిగి, ఆకులు వాల్చి, నేల మీద నీడ పరిచేవి. పొట్టి రకాల ఆకులు నిటారుగా నిలిచి ఎండను అడుగు దాకా దిగనిచ్చాయి. ఎండ తగిలిన నేల మీద కలుపు లేచింది. 1967లో విశాఖపట్నంలోనే కోరమాండల్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. చేతికి అందిన ఎరువు వరికి ఎంత బలం ఇచ్చిందో, పక్కనున్న ఊదకూ అంతే ఇచ్చింది. దిగుబడి పెంచిన సాగే కలుపును కూడా పెంచింది. గుళిక రావడానికి అసలు అవసరం ఇలా పుట్టింది.

రసాయన శాస్త్రం వైపు నుంచి చూస్తే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండు, అమెరికాల పరిశోధనల్లో తేలిన 2,4-డి మొదటి పెద్ద మలుపు. కాని అది వెడల్పాటి ఆకుల మొక్కలను చంపుతుంది, గడ్డి జాతిని వదిలేస్తుంది. వరి గడ్డి జాతి, ఊదా గడ్డి జాతి. అందువల్ల మన మడిలో అసలు శత్రువు దానికి లొంగలేదు. మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన బ్యూటాక్లోర్ ఆ లోటు తీర్చింది. అది పెరిగిన మొక్కను చంపదు, మొలకను పుట్టగానే ఆపుతుంది. ఏటా విత్తనం నుంచి మొలిచే కలుపు నేల పైపొరలోనే, వేలి గణుపు లోతుకు మించకుండా మొలుస్తుంది. మడిలో చల్లిన గుళిక నీళ్లలో మెల్లగా కరిగి ఆ పైపొర మీద పలచటి మందు తెరలా పరుచుకుంటుంది. దాన్ని చీల్చుకుని పైకి వచ్చే లేత మొలక ఆగిపోతుంది. ఊడ్చిన నారు వేళ్లు ఆ పొర కిందికి దిగిపోయి ఉంటాయి కనుక వరి తప్పించుకుంటుంది. 5 శాతం గుళికలైతే ఎకరాకు 10 నుంచి 16 కిలోలు కావాలి. తర్వాత ద్రవరూప బ్యూటాక్లోర్‌నే ఒకటి, ఒకటిన్నర లీటర్లు, 25 కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లే అలవాటు స్థిరపడింది. ఇటీవల బెన్‌సల్ఫ్యూరాన్ మిథైల్, ప్రెటిలాక్లోర్ కలిపిన గుళికలు ఎకరాకు 4 కిలోలతో సరిపోతున్నాయి. మందు మారినా చల్లే తీరు మారలేదు. ఊడ్చిన మూడు నుంచి అయిదు రోజుల్లోపు, పాదం మునిగీ మునగనట్టు పలచటి నీళ్లు పెట్టి, ఇసుకతో కలిపిన మందును మడి అంతా సమంగా పడేలా విసిరి, రెండు మూడు రోజుల పాటు నీళ్లు బయటికి పోనివ్వకుండా గట్టు మడవలు కట్టేయాలి. కాండం తొలుచు పురుగుకు కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లిన చేతులకు ఈ విసురు కొత్తేమీ కాదు.

ఈ సూచనల్లో ఒక్కొక్కటీ పాత సేద్యం మీదే ఆధారపడి ఉంది. దమ్ము సరిగా పడకపోతే గడ్డలు తేలిన చోట మందు పొర ఏర్పడదు. చదును తప్పిన మడిలో మిట్ట భాగం ఎండి ఊద లేస్తుంది, పల్లం వైపు మందు పోగై నారు ఎర్రబడుతుంది. గట్టు కారితే మందు పక్క మడికి పోతుంది. గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ నీళ్లు ఒక క్రమంలో అందుతున్నాయి. పద్మనాభం పరిస్థితి వేరు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని ఈ ఊరి పక్కగానే భీమిలి సముద్రానికి పోతున్నా, 1960ల్లో దాని మీద కట్టిన తాటిపూడి జలాశయం ఆయకట్టు విజయనగరం జిల్లాలో ఉంది, తాగునీళ్లు విశాఖ నగరానికి పోతాయి. ఇక్కడి మడికి దిక్కు చెరువు, బావి, వాన. వాన పది రోజులు వెనకపడితే నారు ముదురుతుంది, ఊడ్చాక నీళ్లు నిలవకపోతే చల్లిన గుళిక వృథా అవుతుంది. గరువు (మెట్ట) భూముల్లో ఇది ఇంకా స్పష్టం. చోడి, గంటె, గోగు వేసిన చేలల్లో కలుపు తీయడానికి దంతి, గొప్పే ఆధారమయ్యాయి. చెరకు, మొక్కజొన్నల్లో అట్రజిన్ లాంటి మందులు వచ్చినా వాటిని తడి నేల మీద పిచికారీ చేయాల్సిందే. గుళిక మాత్రం నిలవ నీళ్ల సొత్తుగానే మిగిలింది. మందు శక్తి ఒక్కటే దాని వ్యాప్తిని నిర్ణయించి ఉంటే, మెట్టకూ పల్లానికీ ఇంత తేడా ఉండకూడదు.

మరి అది ఎప్పుడు ఇంటింటి వాడకం అయింది? 1970ల నుంచి మందు ఉన్నా, కూలి చవకగా దొరికినన్నాళ్లు చేతి కలుపే సాగింది. చేతులు కరువైన కొద్దీ గుళిక పాకింది. ఆ చేతులు ఎటు పోయాయో చెప్పడానికి విశాఖ చరిత్రే చాలు. 1933లో ఓడరేవు, 1940ల్లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1966 ఉద్యమం తర్వాత 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం. వీటిలో ఉద్యోగాలు కొందరికే దక్కినా, వాటి చుట్టూ పెరిగిన నగరంలో ఇళ్ల కట్టుబడి పనులు, ఇళ్లలో పనులు, దుకాణాలు వేల మందిని లాక్కున్నాయి. పిల్లలు బడికి పోయారు. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైనప్పుడు పక్కనున్న విజయనగరం జిల్లా తొలి విడతలోనే ఉంది, 2008 నాటికి దేశమంతా విస్తరించింది. అందులో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే రేటు. కలుపు కూలికి బేరమాడే శక్తి ఆడవాళ్లకు అప్పుడు కొంత వచ్చింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. గుళికే ఆడవాళ్ల కూలి లాగేసుకుంది, దాన్ని సమర్థించడం యజమాని వైపు మాట్లాడటమే అంటారు. ఇందులో నిజం ఉంది. భూమి లేని ఇంట్లో, ఊరు దాటి పనికి పోలేని ముసలి తల్లికి, ఒంటరి ఆడమనిషికి కలుపు కూలి పోవడం నేరుగా నష్టం. ఆ నష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వలేదు. అయినా చేతి కలుపును తిరిగి తెస్తే న్యాయం జరుగుతుందనుకోవడం పొరపాటు. ఆ పని అంత చవకగా ఉండటానికి కారణమే వేరే పని లేకపోవడం. కాళ్లు ఒరిసే పనిని ఇంకొకరి కోసం కోరుకునే హక్కు గట్టు మీద నిలబడినవారికి లేదు. అడగవలసింది వేరు. మందు చల్లే శిక్షణలు ఎక్కువగా మగ రైతునే పిలుస్తున్నాయి. ఊదను తొలి ఆకులోనే గుర్తు పట్టగలిగిన ఆడవాళ్లను ఎందుకు పిలవరు? 2003లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘శ్రీ’ పద్ధతి వరి సాగును తెచ్చినప్పుడు కోనో వీడరు వచ్చింది. దాన్ని ఆడవాళ్ల ఒంటికి సరిపోయేలా మలచి, తొయ్యడానికి మంచి కూలి కట్టి ఉంటే, ఆ దారి ఇంత తొందరగా మూసుకుపోయేది కాదు.

రెండో అభ్యంతరం విషం గురించి. బ్యూటాక్లోర్ చేపలకు ప్రమాదకరమన్నది తెలిసిన విషయమే. 2020 మేలో కేంద్రం నిషేధించాలని ముసాయిదాలో చేర్చిన 27 మందుల్లో దాని పేరుంది, 2023 నాటి తుది నిషేధంలో లేదు. చట్టం అనుమతించింది గనుక భయం అక్కరలేదనడం తప్పు. మడవ కట్టకుండా చల్లిన మందు కాలువలోకి, అక్కడి నుంచి గోస్తనిలోకి, చివరకు భీమిలి దగ్గర సముద్రంలోకి పోతుంది. ఏటా అదే మందు వాడితే కలుపూ మారుతుంది. చైనాలో 1990ల్లోనే ఊద బ్యూటాక్లోర్‌కు లొంగడం తగ్గింది. విత్తనం మీద ఆధారపడిన కలుపు చచ్చిన చోట, దుంపలో తిండి దాచుకున్న తుంగ, గణుపు గణుపుకూ వేరుపట్టే గరిక చోటు చేసుకుంటాయి. మందు పొరను అవి లెక్కచేయవు. ఈ ప్రమాదాలన్నిటికీ విరుగుడు మళ్లీ పాత పనుల్లోనే దొరుకుతుంది. కారని గట్టు, చదునైన మడి, మందు మార్చి వాడటం, మిగిలిన కలుపును గింజ కట్టకముందే చేత్తో పీకేయడం. మందు వాడేవాడికి ఈ పనులు తగ్గవు, పెరుగుతాయి.

ఇప్పుడు నేరుగా విత్తనం చల్లే సాగు పెరుగుతోంది. ఊడుపు కూలి దొరకని చోట అది తప్పనిసరే. కాని ఊడుపు పోయిన మడిలో వరికి ఉన్న నెల రోజుల ముందడుగు పోతుంది. ఊదా వరీ ఒకే రోజు మొలుస్తాయి. అప్పుడే విత్తిన మడిలో బ్యూటాక్లోర్ చల్లితే వరి మొలకే దెబ్బ తింటుంది. అందుకని ముందు వరిని కాపాడే పదార్థం కలిపిన ప్రెటిలాక్లోర్, ఆ తర్వాత రెండు మూడు ఆకుల దశలో బిస్‌పైరిబాక్ సోడియం పిచికారీ, అదీ చాలకపోతే మళ్లీ చేతి కలుపు. ఊడుపు ఉన్నప్పుడు ఒక్క మందుతో గడిచిన పని ఇప్పుడు మూడు మెట్లైంది. పాత పద్ధతి కలుపును ఎంత ఆపేదో చెప్పే సాక్ష్యం ఇంతకన్నా అక్కరలేదు. గుళిక మన పొలంలో గెలిచింది తన బలంతో కొంత, తనకు ముందున్న మనుషుల పనితనంతో ఎక్కువ. అందుకని వ్యవసాయ శాఖ ఏ కొత్త మందును సిఫారసు చేసినా, దాంతోపాటు చెరువు పూడిక తీత, మడి చదును, ఆడవాళ్లకు శిక్షణ, సమాన కూలి కూడా సిఫారసులో భాగం కావాలి. ఇవి లేకుండా ఇచ్చిన మందు రైతు ఖర్చును పెంచుతుంది, కలుపును మాత్రం అలాగే ఉంచుతుంది.