రాగి సంకటి నుంచి కాల్షియం బిళ్ల దాకా: మన ఎముకల చరిత్ర

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, అప్పుల వసూళ్లు ఈ నివేదికలో ముందు పేజీల్లోనే ఇచ్చాం. ఇక్కడ ఇంకో లెక్క రాస్తున్నాం. ఇది ఏ పాస్‌బుక్కులోనూ ఎక్కని లెక్క.

దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1993లో సారా నిషేధం వచ్చాక, మన పల్లెల్లో పొదుపు సంఘాలు పుట్టినాయి. అప్పుడు ముప్పై ఏళ్లున్న అక్కలకు ఇప్పుడు అరవై దాటినాయి. చాప మీద కూర్చుంటే లేవడానికి పక్కనోళ్ల చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది. అందుకే ఈ ఏడాది చాలా గ్రామ సంఘాలు మీటింగులకు కుర్చీలు కావాలని తీర్మానం రాసుకున్నాయి. కుర్చీలు వేశాం. అయితే ఈ నడుములు, ఈ మోకాళ్లు ఇంత తొందరగా ఎందుకు ఇట్టా అయినాయో కూడా తెలుసుకోవాలి కదా. వయసు మీద పడింది అనేస్తే సగం మాటే చెప్పినట్టు.

మన ఒంట్లో ఉన్న కాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క వంతు రక్తంలోనూ కండల్లోనూ తిరుగుతూ గుండె కొట్టుకోవడానికి, నరాలు పనిచేయడానికి సాయపడుతుంది. ఆ ఒక్క వంతు తగ్గితే ఒళ్లు ఊరుకోదు, ఎముకలోంచి తీసుకుంటుంది. ముప్పై ఏళ్లదాకా ఎముకలో జమ ఎక్కువ, ఖర్చు తక్కువ. ముట్లుడిగిన తర్వాత ఖర్చే ఎక్కువ. సంఘంలో ఉన్నవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

మన తిండిలో ఏముందో లెక్కగట్టే పని దక్షిణాదిలో 1918లో మొదలైంది. నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేయడానికి ఒక చిన్న విభాగం పెట్టాడు. అదే పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉన్న ఆ సంస్థే ఇది. కూనూరులో ఉన్న రోజుల్లోనే, 1937లో, అప్పటి డైరెక్టరు ఏక్రాయిడ్ మన దేశపు తిండి గింజల్లో, కూరగాయల్లో ఏమేమి ఎంతుందో చెప్పే పట్టికలు అచ్చు వేయించాడు. తర్వాత గోపాలన్ గారి బృందం వాటిని పెంచి పుస్తకంగా తెచ్చింది. డాక్టర్లూ అంగన్‌వాడీ శిక్షకులూ చాలా ఏళ్లు ఆ పుస్తకాన్నే పట్టుకుని పాఠాలు చెప్పారు.

ఆ పట్టిక చూస్తే మా అందరికీ ఒకటే ఆశ్చర్యం. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు. జొన్నల్లో 25, సజ్జల్లో 42. రాగుల్లో 344. అంటే ఒక మనిషి రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకు తింటే అన్నం వల్ల ఒంటికి వచ్చేది 40. అదే మనిషి రెండు వందల గ్రాముల రాగులు తింటే 688 వస్తుంది. మునగాకులో 440, కరివేపాకులో 830, పొట్టు తీయని నువ్వుల్లో 1450 అని రాశారు. 2017లో అదే సంస్థ మళ్లీ కొలిచి కొత్త పట్టికలు తెచ్చింది. కొన్ని అంకెలు అటూ ఇటూ అయినాయి గానీ, రాగులకూ బియ్యానికీ మధ్య తేడా మాత్రం తగ్గలేదు.

మరి అంత గొప్ప గింజను మనం ఎందుకు వదిలేశాం? ఈ మధ్య చిరుధాన్యాల సభల్లో, ముఖ్యంగా 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పుడు, “మన ఆడవాళ్లు పాత వంటలు మర్చిపోయారు” అన్న మాట చాలాసార్లు విన్నాం. ఆ మాట అన్నవాళ్లు ఎప్పుడూ తిరగలి పట్టినోళ్లు కాదు. తొలికోడి కూతకు లేచి, దంచి, చెరిగి, విసిరి, తర్వాత కట్టెల పొయ్యి మీద సంకటి కెలికి, ఆపైన కూలికి పోయిన మనిషికి బియ్యం రావడం ఎంత విడుదలో మా పెద్దోళ్లు చెబుతారు. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు పేదింట్లో ఆకలి తగ్గింది. వరన్నం పండక్కే తినే ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. దాన్ని తప్పు పట్టేవాళ్లతో మేము ఏకీభవించం. అయితే ఆ బియ్యంతో పాటు ఇంకేదీ రాలేదు. కంచంలో కడుపు నిండింది, ఎముకకు చేరేది మాత్రం పోయింది. మెట్ట పొలాల్లో రాగి, కొర్ర, వరిగ వేసిన చోట పొగాకు, పత్తి వచ్చినాయి. వాటితో డబ్బులొస్తాయి, తినడానికి పనికిరావు. ఇప్పుడు ఊరూరా పిండి మర ఉంది, తిరగలి గోల లేదు. రాగులు మళ్లీ తినమంటే ఇప్పుడు న్యాయంగా ఉంటుంది, అప్పుడు కాదు.

పెద్దోళ్లు రాగి పిండిని రాత్రి కలిపి పులియబెట్టి తెల్లారి అంబలి కాచేవాళ్లు. గింజల్లో ఫైటేటు అనే పదార్థం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. పులిస్తేనో, మొలకెత్తితేనో అది తగ్గుతుంది. అంబలిలో మజ్జిగ పోసుకుంటే ఇంకో ఆసరా. ఇవన్నీ తెలిసి చేశారని మేము అనం, రుచికీ చలవకీ చేసుకుని ఉంటారు. కానీ పని జరిగింది. బాలింతకు సున్నం రాసిన తమలపాకు ఇవ్వడం కూడా అలాంటిదే. సున్నం అంటే కాల్షియమే. అందులో వక్క, పొగాకు చేరితే మాత్రం నోటి క్యాన్సరుకు దారి, అది ఎవరికీ ఇవ్వొద్దు.

పాల సంగతి వేరు. పాల వెల్లువ పథకం 1970లో మొదలయ్యాక పాల కేంద్రాలు పల్లెల్లోకి వచ్చినాయి. గేదెల అప్పులు మన సంఘాలకు బాగా కలిసొచ్చినాయి, పిల్లల ఫీజులు వాటితోనే కట్టాం. పొద్దున్నే పాలు క్యాన్‌లోకి పోతాయి, ఇంట్లో మిగిలినవి ముందు మగపిల్లలకు, తర్వాత మొగుడి టీకి. పితికిన మనిషికి గ్లాసు అడుగున మీగడ కూడా రాదు. దీనికి పరిశోధన అవసరం లేదు, ఏ ఇంటి వంటగదిలోనైనా చూడొచ్చు.

ఇక నీళ్లు. మన ఎముకల చరిత్రలో అన్నిటికన్నా చేదు భాగం ఇదే. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఒక ఎముకల జబ్బును గుర్తించి వైద్య పత్రికలో రాశారు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి రాత అదే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లావే, 1970లో కొత్త జిల్లా కట్టినప్పుడు ఇటు వచ్చినాయి, తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు. పళ్ల మీద గారలు, వంగని మెడ, కర్రలా బిగిసిన వెన్ను ఈ మెట్టలో ఎవరికీ కొత్త కాదు. బావిలో నీళ్లు చవిటిగా ఉన్నాయనో, పూర్వజన్మ కర్మమనో అనుకున్న రోజులున్నాయి.

నల్గొండలో ఇదే జబ్బు మరో రూపం తీసుకుంది. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి, ఎముకలు పలచబడుతున్నాయి అని. నాగార్జున సాగర్ కట్టాక ఆ చుట్టుపట్ల భూమిలో నీటి మట్టం పెరిగి, జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువై, ఒంట్లో రాగి లోహం తగ్గిందని ఆ సంస్థ వాళ్లు కారణం చెప్పారు. మనకు ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఒకే బావి నీళ్లు తాగినా తిండిలో కాల్షియం తక్కువున్న పిల్లల కాళ్లే ఎక్కువ వంకర పోతాయి. ఫ్లోరైడ్ నీళ్లు పేదోడికీ ఉన్నోడికీ ఒకటే, కానీ ఉన్నోడింట్లో పాలు, పెరుగు ఉంటాయి. ఒకే జబ్బు రెండు ఇళ్లలో రెండు రకాలుగా ఉండటానికి ఇదొక కారణం.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1975 ప్రాంతంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తెచ్చింది, దానికి నల్గొండ పద్ధతి అనే పేరు పడింది. నల్గొండ పేరు అట్టా లోకమంతా తెలిసింది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో చూపించారు. మన పులుసుకు ఒక గౌరవం దక్కింది. అంతమాత్రాన చింతపండుతో బోరు నీళ్లు మంచివైపోవు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు, దానికి మందు నీళ్లు మార్చడమే.

కాల్షియం ఒక్కటే తింటే ఎముక కట్టుకోదని డాక్టర్లకు తెలిసింది వందేళ్ల కిందట. 1922లో మెక్‌కాలమ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎముకలు మెత్తబడకుండా ఆపే పదార్థానికి డి విటమిన్ అని పేరు పెట్టాడు. అది చర్మం మీద ఎండ పడితే ఒంట్లోనే తయారవుతుంది. కాశ్మీరులో పనిచేసిన క్యాథలీన్ వాన్ అనే డాక్టరమ్మ 1928లో పరదా గురించి ఒక పుస్తకం రాసింది. నాలుగు గోడల మధ్య ఉంచిన గొప్పింటి స్త్రీలకు కటి ఎముకలు మెత్తబడి కాన్పులు ప్రాణాంతకం అవుతుంటే, ఎండలో పనిచేసే పడవవాళ్ల, రైతుల ఆడవాళ్లకు ఆ బాధ లేదని ఆమె చూసింది. గౌరవం పేరుతో తలుపు మూస్తే ఎముక ఏమవుతుందో చెప్పిన రాత అది.

మనం ఎండలోనే ఉంటాం కదా, మనకేం అనుకోవచ్చు. 2008లో తిరుపతి ప్రాంతంలో చేసిన పరిశోధన అట్టా చెప్పలేదు. పల్లెవాళ్లకు పట్నంవాళ్ల కన్నా డి విటమిన్ కొంచెం మెరుగు, కానీ ఇద్దరికీ చాలినంత లేదు. తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేటు ఎక్కువ అయితే ఉన్న డి విటమిన్ కూడా తొందరగా ఖర్చయిపోతుందని దాన్ని చేసినవాళ్లు వివరించారు. ఇంకా పప్పు, గుడ్డు, చేపల్లోని మాంసకృత్తులు కావాలి, ఎముకలో అల్లిక వాటిదే. పప్పులూ నువ్వుల్లోని మెగ్నీషియం కావాలి. మన వైపు ఎండు మెత్తళ్లు ముల్లుతో సహా తింటాం, అది మంచి అలవాటు. పాలకూర మాత్రం చూడ్డానికే గానీ, దాంట్లోని కాల్షియం ఆక్జలేటులో చిక్కుకుని ఒంటికి పెద్దగా అందదు.

హైదరాబాదులో పేద కుటుంబాల స్త్రీల మీద వీణా శత్రుఘ్న గారూ ఆమె సహచరులూ చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ముప్పై నుంచి అరవై ఏళ్లలోపు వాళ్లు. రోజుకు వాళ్లకు అందే కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. చాలామందికి ఎముకలు అప్పటికే గుల్లబారి ఉన్నాయి. దీన్ని సర్కారు అంకెల పక్కన పెట్టి చూడండి. పెద్దవాళ్లకు రోజుకు 400 చాలని 1989లో దేశం లెక్క చెప్పింది. 2010లో 600 అంది. 2020లో 1000 అంది, ముట్లుడిగినవాళ్లకు, పాలిచ్చే తల్లులకు 1200. కాగితం మీద అంకె పెరిగిన ఈ ముప్పై ఏళ్లలోనే మన కంచంలో రాగులు తగ్గి బియ్యం పెరిగింది.

ఈ ఖాళీ పూడ్చడానికి బిళ్ల వచ్చింది. గర్భిణులకు కాల్షియం ఇస్తే గుర్రపువాతానికి దారితీసే బీపీ తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. మరుసటి ఏడాది మన కేంద్ర ఆరోగ్య శాఖ నియమాలు ఇచ్చింది. పద్నాలుగో వారం నుంచి కాన్పైన ఆరు నెలలదాకా రోజుకు రెండు బిళ్లలు, ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి3. అన్నంతో పాటే వేసుకోవాలి. ఐరన్ బిళ్లతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఆశా కార్యకర్తలు ఎన్నిసార్లు చెప్పినా రెండూ ఒకే గుక్కలో మింగేవాళ్లు ఇంకా ఉన్నారు.

బిళ్ల మంచిదే. కానీ ఆ నియమం ప్రకారం ఒక ఆడమనిషికి ప్రతి కాన్పుకూ సుమారు ఏడాది పాటు సర్కారు కాల్షియం అందుతుంది. ఎముక జమ పెరిగే పన్నెండేళ్ల పిల్లకు ఆ నియమంలో చోటు లేదు. యాభై ఏళ్ల మనిషికీ లేదు. కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్లే ఆమె ఎముక లెక్కలోకి వస్తుంది. ఈ వయసులవాళ్లు మందుల షాపులో సొంత డబ్బుతో కొంటున్నారు. ఒక్కో స్ట్రిప్పు మీద ఒక్కో ధర, లోపల ఉండేది ఎక్కువగా అదే కాల్షియం కార్బొనేట్, అంటే ముత్యపు చిప్పలోనూ సున్నపురాయిలోనూ ఉండేదే. పెట్టె మీద బొమ్మ కాదు, ఒక బిళ్లలో కాల్షియం ఎంతో రాసిన అంకె చూడమని చెబుతున్నాం. ఒకేసారి 500 దాటితే ఒంటికి పట్టేది తక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు.

ఈ ఏడాది గ్రామ సంఘాల సమావేశాల్లో పెద్దక్కలు రెండు విషయాలు అడిగారు. మధ్యాహ్నం అంగన్‌వాడీలో గర్భిణులకు పెట్టే గుడ్డూ పాలూ ముట్లుడిగినవాళ్లకు కూడా ఎందుకు పెట్టరు అన్నది మొదటిది. దాన్ని తీర్మానంగా రాసి మండలం నుంచి జిల్లా సమాఖ్యకు పంపాం. మన సంఘాలు ఆర్డర్ల మీద చేసి అమ్మే రాగి లడ్డూల్లో చేసినవాళ్ల ఇళ్లకు ఎన్ని పోతున్నాయి అన్నది రెండోది. లడ్డూ యూనిట్ల పుస్తకాల్లో అమ్మకం, ముడిసరుకు, కూలి అనే మూడు గడులే ఉన్నాయి. ఏప్రిల్ నుంచి నాలుగో గడి గీస్తున్నాం. దాని మీద “ఇంటికి” అని రాస్తాం.