కోళ్ళ కాపలా నుంచి పెంగ్విన్ల కాపలా దాకా

పెరట్లో కోళ్ళు పెంచిన ప్రతి ఇంటికీ తెలిసిన బాధ ఒకటుంది. పొద్దుగూకే వేళ లెక్కపెట్టి గంప కింద మూసిన కోళ్ళు, తెల్లవారి గంప ఎత్తేసరికి ఒకటో రెండో తగ్గి ఉంటాయి. ముంగిసో, అడవిపిల్లో, నక్కో పట్టుకుపోయిందని అనుకోవడమే తప్ప చేసేదేమీ ఉండదు. గుమ్మం ముందు పడుకునే కుక్కను మన ఇళ్ళలో ప్రత్యేకంగా కోళ్ళ కోసమని ఎవరూ పెంచరు. అయినా కూనగా ఉన్నప్పటి నుంచి కోళ్ళ మధ్య తిరిగిన కుక్క ఇంటి కోడి జోలికి పోదు, బయటి జంతువును గడప దాటనివ్వదు. పల్లెల్లో పెరిగిన మనలో చాలామంది కళ్ళారా చూసిన సంగతే ఇది. దీని వెనక రెండు వేల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

రోమన్లు రాసిపెట్టిన సంగతులు

కాపలా కుక్కల గురించి రోమన్లు వివరంగా రాశారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన కొలుమెల్లా, మందతో తిరిగే కుక్క తెల్లగా ఉండాలన్నాడు. తెల్లవారుజామున, మునిమాపు వేళ మసక వెలుతురులో కాపరి తోడేలనుకుని తన కుక్కనే కొట్టకుండా ఉండేందుకట! ఇంటి దగ్గర కాపలా కుక్క మాత్రం నల్లగా ఉండాలి. పగలు చూస్తే దొంగకు భయం వేయాలి, రాత్రి అసలు కనిపించకూడదు.

అంతకు ముందు, క్రీస్తుపూర్వం 37లో వర్రో రాసిన పుస్తకంలో ఇంకో ముచ్చట ఉంది. ఒక ఆసామి అంబ్రియా ప్రాంతంలో గొర్రెల మందలు కొన్నాడు. కుక్కలు కూడా బేరంలో వచ్చాయి, కాపరులు రాలేదు. పాత కాపరులు మందను దక్షిణాన ఉన్న పచ్చిక భూములకు చేర్చి తమ ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. కొద్ది రోజులకే ఆ కుక్కలు మనుషుల మీద బెంగతో, దారిలో పొలాల్లో దొరికింది తింటూ, ఎన్నో రోజుల దూరం నడిచి అంబ్రియా చేరుకున్నాయి. పరదేశంలో ఉన్న మనకు ఈ బెంగ ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. కుక్క ఎవరితో పెరిగితే వారిదే అవుతుంది, కొన్నవాడిది కాదు. కాపలా విద్యకు మూలం ఇదే.

విషం ఆగింది, కుక్క వచ్చింది

అమెరికాలో పశువుల మందలను కయోటీల నుంచి కాపాడుకోవడానికి చాలాకాలం విషాన్నే నమ్ముకున్నారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆ విషాల వాడకాన్ని నిషేధించారు. మరి మందల గతేమిటి? 1970ల చివర్లో మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు ఇటలీ, టర్కీ, యుగోస్లావియాల నుంచి కాపలా జాతుల కుక్కలను తెప్పించి, వాటి పిల్లలను రైతులకు ఇచ్చి పరిశీలించారు.

తేలిందేమిటంటే, పుట్టిన తరువాత మొదటి మూడు నాలుగు నెలలే కీలకం. ఆ వయసులో ఏ జంతువులతో కలిసి ఉంటే వాటినే కుక్క తన వాళ్ళనుకుంటుంది. కాపలాకు పోట్లాట కూడా పెద్దగా అవసరం లేదు. మొరుగుతుంది, అడ్డంగా నిలబడుతుంది, చుట్టూ మూత్రంతో హద్దులు వేస్తుంది. వేటాడే జంతువుకు తిండి ముఖ్యం, గాయపడితే దానికి బతుకే లేదు. అందుకే ఇక్కడ ఇబ్బంది ఉందని తెలిస్తే వేరే చోటు వెతుక్కుంటుంది.

కోళ్ళ విషయంలో మాత్రం ఓపిక ఎక్కువ కావాలి. రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తే కోడిని చూస్తే కుర్ర కుక్కకు ఆటే. ఆ ఆటలో కోడి చస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చి నిదానం కుదిరేవరకు దాన్ని ఒంటరిగా కోళ్ళ మధ్య వదలకూడదు.

ఆటు వేళ దాటిన నక్క

ఇలా కుదురుకున్న కోళ్ళ కుక్క ఎంత పని చేయగలదో ఆస్ట్రేలియాలో తేలింది. అక్కడ నక్క స్థానిక జంతువు కాదు. వేట సరదా కోసం ఇంగ్లీషు వలసదారులు తెచ్చి వదిలిన ఎర్ర నక్కలు 1870ల నాటికి విక్టోరియా రాష్ట్రంలో స్థిరపడ్డాయి. నక్క అంటే ఏమిటో తెలియని పక్షులకు అది యమగండమైంది.

ఆ రాష్ట్రంలోని వార్నంబూల్ పట్టణం పక్కన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. ప్రపంచంలోకెల్లా చిన్నవైన లిటిల్ పెంగ్విన్లు అక్కడ వందల సంఖ్యలో ఉండేవి. ఆటు సమయంలో తీరానికీ దీవికీ మధ్య నీళ్ళు బాగా తగ్గుతాయి. నక్కలు ఆ దారిన దాటి వచ్చేవి. 2005 నాటికి పెంగ్విన్లు పది లోపుకు పడిపోయాయి.

ఆ ఊళ్ళో అలన్ మార్ష్ అనే కోళ్ళ రైతు ఉన్నాడు. అందరూ స్వాంపీ అని పిలుస్తారు. బయట తిరిగే తన కోళ్ళకు ఇటలీ జాతి మరెమ్మా కుక్కలను కాపలా పెట్టుకున్నాడు. కోళ్ళను కాపాడే కుక్క పెంగ్విన్లను ఎందుకు కాపాడకూడదన్న ఆలోచన ఆ ఫారం నుంచే వచ్చింది. కుక్కను పక్షుల మధ్యకు పంపడమంటే దొంగ చేతికి తాళం చెవి ఇవ్వడమేనని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా 2006లో ఆడ్‌బాల్ అనే కుక్కను దీవికి పంపారు. పెంగ్విన్లు దానికి ఇంకో రకం కోళ్ళే! తరువాత యూడీ, టూలా అనే అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి ఆ కాపలా కాశాయి. పెంగ్విన్ల సంఖ్య మళ్ళీ వంద దాటింది. 2015లో ఈ కథతో ‘ఆడ్‌బాల్’ సినిమా కూడా వచ్చింది.

కుక్క లేని రాత్రులు

2017లో సముద్రం అల్లకల్లోలంగా ఉండి కుక్కలను దీవికి చేర్చలేకపోయారు. ఆ సందులోనే నక్కలు దాటి సుమారు 140 పెంగ్విన్లను చంపేశాయి. పదేళ్ళకు పైగా కూడబెట్టినదంతా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తరువాత కొత్త మరెమ్మాలను సిద్ధం చేసి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

కాపలావాడు ఉన్నన్నాళ్ళూ ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు అతణ్ణి మెచ్చుకునేవారూ ఉండరు. గిడ్డంగుల ముందు, భవనాల గేట్ల దగ్గర రాత్రి డ్యూటీలు చేసే మన సోదరులకు ఇది బాగా తెలుసు. మిడిల్ ఐలండ్‌లో ఆ పని విలువ ఎంతో 140 పెంగ్విన్ల లెక్కలో తేలింది.