నల్లసముద్రంలో కొత్తకోడలు

మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు కొండలు తెలిసినంతగా సముద్రం తెలీదు. చూడాలనిపిస్తే మద్రాసు బస్సెక్కడమే! 2022లో కొత్త జిల్లాలు ఏర్పడి, సూళ్లూరుపేట వైపు ఊళ్లు కలిశాక తిరుపతి జిల్లాకూ సముద్రతీరం వచ్చింది. చుట్టరికం కలిసింది కనుక సముద్రంలోని ఒక వింతజీవి చరిత్ర చెప్పుకుందాం.

దాన్ని కోంబ్ జెల్లీ అంటారు. దువ్వెన జెల్లీ అందాం. గాజులాంటి ఒళ్లంతా నీరే. ఒంటిమీద ఎనిమిది వరసల్లో సన్నని దువ్వెన పళ్లలాంటివి ఆడుతుంటే ముందుకు కదులుతుంది. వాటి మీద వెలుగు పడితే ఇంద్రధనుస్సు రంగులు! జెల్లీచేపలా కుట్టదు. ఈ కుటుంబంలోని ప్లూరోబ్రాకియా మన బంగాళాఖాతంలోనూ ఉంది.

మన కథలోది మాత్రం అమెరికా తూర్పు తీరపు పిల్ల, నెమియాప్సిస్. మహా అయితే బెత్తెడు, ఇంకాస్త. నది సముద్రంలో కలిసే చోట ఉప్పు ఎక్కువైనా తక్కువైనా సర్దుకుపోతుంది. తనే ఆడ, తనే మగ. తిండి దొరికితే రోజుకు వేల గుడ్లు పెడుతుంది.

ఇంత చిన్నది నల్లసముద్రానికి ఎలా చేరింది? సరుకు లేని ఓడ కెరటాలకు ఒరిగిపోతుంది. అందుకని అడుగు తొట్లలో సముద్రపు నీళ్లు నింపుకొని, సరుకెక్కించే రేవులో వదిలేస్తారు. ఆ నీళ్లతో వచ్చిందని శాస్త్రజ్ఞుల మాట. 1982లో అక్కడ మొదటిసారి కనిపించింది. ఏడెనిమిదేళ్లలో సముద్రమంతా అదే! చేపపిల్లల తిండీ తినేసింది, చేపగుడ్లనూ వదల్లేదు. నెత్తళ్ల వేట కుప్పకూలి, టర్కీ జాలర్ల పొయ్యిలు చల్లారాయి.

నేరమంతా దీనిదేనా? అలా అనడం నాకు న్యాయంగా తోచదు. అప్పటికే పడవలు చేపల్ని ఊడ్చేస్తున్నాయి. నదులు పొలాల ఎరువుల్ని తెచ్చి పోస్తున్నాయి. ఇల్లు ఏనాడో చెడింది. అడుగు పెట్టిన కొత్తకోడలి మీదికి నింద పోయింది, మనకు తెలియని కథా!

దీన్నే తినే బెరోయి అనే మరో దువ్వెన జెల్లీని తెచ్చి వదలాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడుతుండగానే, 1997లో అదే వచ్చేసింది. కోడలి జోరు తగ్గింది, చేపలు మెల్లగా తేరుకున్నాయి.

ఓడల నీటిని శుభ్రం చేసి వదలాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి, 2017లో అమల్లోకి వచ్చింది. నెమియాప్సిస్ అంతవరకూ ఆగుతుందా? 1999లోనే కాస్పియన్ సముద్రంలో కాపురం పెట్టేసింది.