ఇసుకరేణువంత గుల్లకు వంశనిర్ణయము

క్రీస్తుపూర్వము 1వ శతాబ్దపు చివరి భాగమున గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఈజిప్టు దేశమునకు పోయి పిరమిడ్లను చూచెను. వాని యెదుట కుప్పలుగా పడియున్న రాతిచెక్కులలో మసూరు పప్పు ఆకారమున, ఆ పరిమాణమున గుండ్రని బిళ్లలు ఆయనకు కానవచ్చినవి. పూర్వము పిరమిడ్లను కట్టిన పనివాండ్రు తినగా మిగిలిన పప్పు రాయిగా మారినదని ఆ చోటివారు చెప్పుకొనుచుండిరి. స్ట్రాబో ఆ మాటను వ్రాసియుంచి, తన స్వదేశమునందును ఇట్టి గింజలవంటి రాళ్లుగల గుట్ట యొకటి కలదని చేర్చెను.

ఆ బిళ్లలు పప్పు కావు. నాలుగు కోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున అచట పరచుకొనియున్న వెచ్చని సముద్రములో బ్రతికిన ఏకకణ జీవుల గుల్లలవి. చిన్న నాణెమువలె నున్నందున 1801లో లామార్క్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వానికి నమ్యులైటు అను పేరు పెట్టెను. ఫొరామినిఫెరా అను మహాసంతతిలో ఇవి యొక శాఖ.

ఈ సంతతిని ఏ లక్షణమునుబట్టి విభజింపవలెనను ప్రశ్నకు రెండువందల యేండ్లుగా పండితులు చెప్పిన సమాధానములను ఈ ప్రసంగమున మనము పరిశీలింతము. ఇది కేవలము పేర్ల పట్టికను గూర్చిన తగవు కాదు. రాతి వయస్సును ఈ గుల్లలనుబట్టి నిర్ణయించుచున్నాము. గుల్లను గుర్తించుటలో పొరపడితిమేని కాలమును లెక్కించుటలోను పొరపడుదుము. ఆ పొరపాటు కోట్ల సంవత్సరములదగును.

మొదట గుల్ల నిర్మాణమును చూతము. ఈ జీవికి నోరు, కడుపు, కన్ను మొదలగు అవయవములు లేవు. ఉన్నదంతయు ఒకే కణము. అది మొదట ఒక చిన్న గదిని కట్టుకొనును. దేహము పెరిగి ఆ గది చాలనప్పుడు పలుజాతులు దానిని విడువక, దాని వాకిటిముందు మరియొక గదిని చేర్చుకొనును. పాత గది వాకిలి రెండు గదులకును నడుమ ద్వారమగును. మన పల్లెలలో సంసారము పెరిగినకొలది పాత యింటికి వసారాలను, గదులను చేర్చుకొనుచు పోవుటవంటిదే యిది. కొన్ని జాతులలో గదులు ఒకే వరుసలో నిలుచును. కొన్నిటిలో ఎడమకొకటి కుడికొకటిగా రెండు వరుసలలో అమరును. కొన్నిటిలో నత్తగుల్లవలె చుట్టుకొనును.

ఇక గోడలు. కొన్ని జాతులు ఇసుకరేణువులను ఏరి జిగురుతో అతికించి గోడ కట్టును. కొన్ని సున్నపు పదార్థముతో పింగాణివలె తెల్లనైన, రంధ్రములులేని గోడను నిర్మించును. మరికొన్ని అదే సున్నపు పదార్థముతో గాజువలె కాంతిని పోనిచ్చు గోడను కట్టి, దానినిండ సన్నని రంధ్రములు నిలుపును. గదుల వరుస ముఖ్యమా, గోడల జాతి ముఖ్యమా యన్నదే ఈ చరిత్రలోని పెద్ద వివాదము.

ఇట్టి గుల్లయొక దానిని సూక్ష్మదర్శినిలో చూచి 1665లో బొమ్మ వేయించినవాడు ఇంగ్లండునకు చెందిన రాబర్ట్ హుక్. 1758లో లిన్నేయస్ వీనిని నాటిలస్ అను పెద్ద సముద్రజీవి పేరుక్రింద చేర్చెను. నాటిలస్ గుల్లయు చుట్టుకొనియే యుండును, దానియందును గదులే యుండును; ఆకారసామ్యమే ప్రమాణమైనది. 1826లో, ఇరువదినాలుగేండ్లు దాటని ఆల్సీద్ దోర్బిన్యీ అను ఫ్రెంచి యువకుడు ఒక భేదమును పట్టుకొనెను. నాటిలస్‌లో గదులన్నిటిని కలుపుచు ఒక నాళము పోవును. ఈ చిన్నగుల్లలలో నాళము లేదు, అడ్డుగోడయందు రంధ్రము మాత్రమే కలదు. రంధ్రమును ధరించునవి యను అర్థమున ఆయన ‘ఫొరామినిఫెరా’ అను పేరు కల్పించెను. కంటికానని గుల్లలను అందరును చేతితో పట్టి చూచుటకై, వానిని పెద్దవిగా మలచి నూరు నమూనాలను ప్రకటించెను. అయినను అవి శీర్షపాదులే, అనగా తలయు చేతులును గల జీవులే యని ఆయన నాటి నమ్మకము.

ఆ నమ్మకమును 1835లో ఫెలీక్స్ దుజార్దేఁ తొలగించెను. ఆయన ఎండిన గుల్లలతో తృప్తిపడక, సముద్రజలమున బ్రతికియున్న జీవులనే గమనించెను. గుల్లనుండి వెలికి వచ్చినవి చేతులు కావు. సాగుచు, చీలుచు, మరల కలిసిపోవుచు ఉండు జిగట దారములు. తల లేదు, అవయవము లేదు. దోర్బిన్యీ ఈ సత్యమును అంగీకరించి 1839లో వీనిని ప్రత్యేక వర్గముగా నిలిపెను. అయితే లోపలి విభాగములను మాత్రము గదుల అమరికనుబట్టియే చేసెను.

1862లో ఇంగ్లండులో విలియం కార్పెంటర్, పార్కర్, జోన్సులతో కలిసి, అమరికకంటె గోడయే ప్రధానమని వాదించెను. ఈ వాదమున బలమెంత గలదో ఒక ఉదాహరణము చెప్పును. ఫ్యుసులీనా యనునది గోధుమగింజవలె నడుమ ఉబ్బి కొనలు సన్నగిలిన శిలాజము. 1829లో రష్యాలో ఫిషర్ వాల్డ్‌హైమ్ దానికి పేరు పెట్టెను. ఆల్వియొలీనా యను మరియొక శిలాజమును అచ్చముగ ఇట్లే యుండును. పైరూపునే నమ్మువాడు రెంటిని తోబుట్టువులనును. కాని రాతిని కాంతి చొచ్చునంత పలుచగా అరగదీసి చూచినచో, మొదటిదాని గోడ అతిసూక్ష్మమైన కాల్సైట్ రేణువులతో కూర్చినది. రెండవదాని గోడ పింగాణి తరగతిది. ఫ్యుసులీనా సంతతి యావత్తు సుమారు 25 కోట్ల యేండ్లక్రిందట నశించినది. ఆల్వియొలీనా విరివిగ వర్ధిల్లినది సుమారు 5 కోట్ల యేండ్లనాడు. ఒకదానిని మరియొకటిగా పొరబడినవాడు 20 కోట్ల సంవత్సరములను పోగొట్టుకొనును.

అయితే గోడయొక్కటే చాలునా? ‘ఛాలెంజర్’ నౌక 1872 మొదలు 1876 వరకు సముద్రములను శోధించి తెచ్చిన అడుగుమట్టిని పరీక్షించి, 1884లో హెన్రీ బ్రేడీ చాలదనెను. ఆయన రెండు లక్షణములను కలిపి చూచి పది కుటుంబములను ఏర్పరచెను. ఇంతలో మరియొక చిక్కు బయటపడినది. ఒకే రాతిలో పెద్ద నమ్యులైటు, చిన్న నమ్యులైటు జంటలుగా దొరకుచుండెను. పండితులు వానికి వేర్వేరు పేర్లిచ్చిరి. అవి ఒకే జాతియొక్క రెండు రూపములని 1880లో మ్యూనియే-షాల్మా తెలిపెను. ఇట్టి జీవులలో లైంగికముగ పుట్టిన తరము, విభజనచే పుట్టిన తరము ఒకదానివెంట నొకటి వచ్చునని తరువాతి పరిశోధకులు బ్రతికియున్న జాతులయందు చూపిరి. తల్లిని ఒక కులముగను బిడ్డను మరియొక కులముగను వ్రాసికొన్నట్లైనది.

20వ శతాబ్దమున చమురుబావులు ఈ శాస్త్రమును పోషించెను. త్రవ్వుబర్మా పెద్ద శిలాజములను పొడిచేసినను, ఇసుకరేణువంత గుల్లలు చెక్కుచెదరక పైకి వచ్చును. వానినిబట్టి బర్మా ఏ పొరలోనున్నదో చెప్పవచ్చును. అమెరికాలో జోసెఫ్ కుష్‌మన్ 1923లో ఈ పనికే యొక ప్రయోగశాలను నెలకొల్పెను. 1949లో అలన్ వుడ్ ధ్రువిత కాంతిలో గోడల స్ఫటికముల పొందికను పరీక్షించెను. 1964లో లోబ్లిక్, టాపాన్ దంపతులు గోడ నిర్మాణమునే పునాదిగా గైకొని సంతతినంతను అయిదు ఉపశ్రేణులుగా విభజించిరి.

ఇటీవలి దశాబ్దములలో బ్రతికియున్న జాతుల డీఎన్‌ఏ పరీక్ష మరల త్రాసును కదల్చినది. ఇసుక నతికించు జాతులన్నియు ఒకే వంశమువి కావని తేలినది. గది గొట్టమువంటిదా, గోళమువంటిదా యను భేదమునకు 2013లో ప్రకటితమైన విభజనలో ప్రాధాన్యము లభించినది. దోర్బిన్యీ చూపిన గది మరల న్యాయస్థానమునకు వచ్చినదన్నమాట. అయితే శిలాజములో డీఎన్‌ఏ మిగులదు. కోట్ల యేండ్ల పూర్వపు జీవికి నేటికిని గుల్లయే సాక్షి.

ఈ సాక్ష్యము మన గోదావరి తీరమునకును అక్కరకు వచ్చినది. రాజమహేంద్రవరము చెంత దక్కను లావా పొరల నడుమ సున్నపురాయి పొరలు కలవు. అగ్నిపర్వతములు విజృంభించినది రాక్షసబల్లులు నశించిన మహావినాశమునకు ముందా, తరువాతనా యను ప్రశ్నకు సమాధానము ఆ నడిమి పొరలలోనే వెదకవలసియుండెను. 2008లో గెర్టా కెల్లర్, ఆమె సహచరులు అచటి రాతిలో, 6 కోట్ల 60 లక్షల యేండ్లనాటి ఆ వినాశము గడచినవెంటనే సముద్రమున తేలియాడిన ఫొరామినిఫెరాను గుర్తించిరి. కావున క్రిందిలావా ఆ వినాశకాలమునకు అతిసమీపమున ముగిసినదని వారు నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు ఆధారము, సూదిమొన పరిమాణముగల గుల్లలో గదులెన్ని, అవి ఎట్లు అమరినవి, గోడ ఎట్టిది యను మూడు ప్రశ్నలే.