కరకంబాడి సీసం

పాత కారును విప్పితే అన్ని భాగాలకూ ఒకే గతి పట్టదు. పనికొచ్చే ఇంజను, గేర్‌బాక్సు, తలుపులు, సెల్ఫ్ మోటారు మరో బండికి ఎక్కుతాయి. మన చిత్తూరు, తిరుపతి వైపు మెకానిక్కులకు ఇలాంటివి కావాలంటే చెన్నై పుదుపేట పెద్ద దిక్కు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా ఆ బండ్లు ఇంకా అక్కడక్కడా రోడ్డు మీద కనబడుతున్నాయంటే, అది విప్పి అమ్మిన సామాను పుణ్యమే. మిగిలిన రేకు తుక్కు కింద పోతుంది.

బ్యాటరీలోని సీసం కథ వేరు. ఎన్నిసార్లు కరిగించి శుద్ధి చేసినా దాని గుణం చెడదు, మళ్లీ బ్యాటరీగానే మారుతుంది. ఆ కథలో మన జిల్లాలకు పెద్ద పాలుంది.

సీసం పలకలు, గంధకామ్లంతో పనిచేసే బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. నేటి కారు బ్యాటరీ నడిచేదీ ఆ సూత్రం మీదే. దాని బరువులో సగానికి పైగా సీసమే. అందుకే చచ్చిపోయిన బ్యాటరీకి కూడా అంగట్లో ధర పలుకుతుంది. పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే బిల్లులో తగ్గించేది ఆ సీసం విలువనే.

చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా సంస్థను పెట్టారు. మొదట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, పరిశ్రమలకు పనికొచ్చే బ్యాటరీలు చేశారు. అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో కలిసి 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు సీసం కూడు పెట్టింది.

అదే సీసం విషం కూడా. లైసెన్సు లేని చోట్ల బ్యాటరీని గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్‌ను కాలువలో పారబోసి, పలకల్ని బొగ్గుల మీద కరిగిస్తారు. ఆ పొగలోని, దుమ్ములోని సీసం మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అక్కడ ఆడుకునే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఒంట్లో సీసం ఇంత ఉన్నా ఫర్వాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్ద ఫ్యాక్టరీలనూ ఈ ప్రశ్న వదల్లేదు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సీసం కాలుష్యాన్ని కారణంగా చూపి అమరరాజా ప్లాంట్లకు మూసివేత ఉత్తర్వులిస్తే, హైకోర్టు వాటిని తాత్కాలికంగా నిలిపేసింది. ఆ వివాదం మాట అలా ఉంచితే, కార్మికుల రక్తంలో, ఊరి మట్టిలో సీసం ఎంతుందో పరీక్షించి చెప్పమని అడిగే హక్కు మాత్రం ఆ ఊళ్లకు ఎప్పుడూ ఉంది.

డీలర్లు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకోవాలని 2001 నాటి కేంద్ర బ్యాటరీ నిబంధనలే చెప్పాయి. వాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదార్ల మీదే పెట్టాయి. అమరరాజా కూడా తమిళనాడులోని చెయ్యారు దగ్గర ఏడాదికి లక్షన్నర టన్నుల సామర్థ్యంతో రీసైక్లింగ్ ప్లాంటు తలపెట్టింది.

ఎంత పెద్ద ప్లాంటు కట్టినా, పాత బ్యాటరీ అక్కడిదాకా చేరాలి కదా! వీధిలోకొచ్చే గుజిరీ బండివాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానన్నా ఇవ్వకండి. బ్యాటరీ అంగడికే తీసుకెళ్లి ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.