నీటి లెక్కలో నేల

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు కోసం రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో రాశారు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది చెరువుకు ఉండకూడని ఆరు దోషాల జాబితా. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చౌడు నేల ఇంకొకటి. నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడమూ దోషమే, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడమూ దోషమే. అంటే ఆరున్నర శతాబ్దాల కిందటే నీటిని నేలతో కలిపి తూచారు. తర్వాతి కాలంలో మనం పోగొట్టుకున్నది ఈ తూకాన్నే.

చెరువు సేద్యంలో ఆ తూకం ఏటా చేతల్లో కనిపించేది. పంటకాలంలో నీరటి తూము తీసి వంతులవారీగా నీళ్లు వదిలేవాడు. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు పూడిక మట్టిని బండ్లకెత్తి చెలకల్లో తోలేవారు. నీరు నిలవని ఎర్ర దుబ్బ నేలకు ఆ బంకమట్టి తోడైతే తేమ ఎక్కువ రోజులు ఆగుతుంది, తడికీ తడికీ మధ్య ఎడం పెరుగుతుంది. చెరువులో నీటికి చోటూ, పొలానికి సత్తువా ఒకే పనితో దక్కేవి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను కరువు నుంచి గట్టెక్కించింది, అందులో సందేహం లేదు. కానీ పెద్ద కాలువలతో పాటే ఎన్ని ఎకరాలకు నీరు పారిందన్నదే కొలతగా స్థిరపడింది. ఒక మడి నుంచి ఇంకో మడికి పారే నీళ్లలో ఎరువు కొట్టుకుపోవడం, మురుగు దిగని పల్లంలో చౌడు తేలడం ఆ కొలతకు అందలేదు.

బోర్లు వచ్చాక నీరు సొంత ఆస్తి అయింది. భూగర్భ జలాలు అడుగంటాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం, ఆ మరుసటి ఏడాది డ్రిప్పుకు రాయితీ ఇచ్చే సూక్ష్మసేద్య పథకం వచ్చాయి. డ్రిప్పు ఉండగా పాత చెరువుల ఊసెందుకని అడగవచ్చు. డ్రిప్పు వేరు దగ్గరికే నీరిస్తుంది, వృథా తగ్గిస్తుంది, నిజమే. అయితే మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరం తడిపితే బోరుకు ఊరట ఉండదు, సేంద్రియ పదార్థం లేని నేల డ్రిప్పు కింద కూడా బీదదే. పాత వ్యవస్థలో దొరల పెత్తనం, వెట్టిచాకిరీ ఉండేవన్న ఆక్షేపణ మరింత బరువైనది. ఆ అన్యాయం తిరిగి రాకూడదు, కానీ పూడిక తోలకానికి దొరతనం అక్కర్లేదు. 2015లో తెలంగాణ 46,531 చెరువుల బాగు లక్ష్యంగా మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రైతులే రవాణా ఖర్చు పెట్టుకుని మట్టి తోలుకున్నారు. ప్రతి పూడికా మంచిది కాదు. ఇసుక పాలు ఎక్కువైనదీ, ఉప్పు చేరినదీ పొలాన్ని చెరుస్తాయి, నల్లరేగడికి బంకమట్టి అదనపు బరువే. అందుకే చెరువు మట్టికీ, అది చేరే పొలానికీ తోలకానికి ముందే పరీక్ష జరగాలి. డ్రిప్పు రాయితీ దరఖాస్తుతోనూ పొలానికి అలాంటి పరీక్ష జరిపి ఇచ్చిన భూసార పత్రం జతచేయాలి.