కాగితాలు లేని బండి వెల

బగ్గీ అనగానే మన హైదరాబాదు పరిసరాలవారికి ముందు గుర్రమే గుర్తుకొస్తుంది. పెళ్ళి బరాత్‌లో వరుణ్ణి ఊరేగించే, జరీ కుచ్చులు వేలాడే బండి అది. గుర్రం స్థానంలో ఇంజను, కుచ్చుల స్థానంలో ఇనుపగొట్టాల పంజరం, ఆ పంజరం నడుమ ఒకే ఒక్క సీటు, నాలుగు లావుపాటి చక్రాలు పెట్టుకుని అదే మాట మరో రూపంలో మన మధ్యకు మళ్ళీ వచ్చింది. ఈ కొత్త బగ్గీకి రోడ్డుతో పనిలేదు. గుట్ట, ఇసుక, బురద, ఎండిన వాగు దాని దారులు. దీని పుట్టుక పెద్ద కర్మాగారాల్లో జరగలేదు, ఇళ్ళ వెనుక షెడ్లలో జరిగింది. ఇలా చేతితో కట్టిన బండిని ఎలా చేశారన్నదానికన్నా, చేశాక ఎలా అమ్మారన్నదే నన్ను ఎక్కువగా ఆకర్షించింది. ఆ చరిత్రను తిరగేసిన కొద్దీ నాకు ఒక సంగతి బలపడుతూ వచ్చింది. ఇలాంటి బండికి వెల కట్టేవి రెండే: అది పరుగెత్తడానికి హక్కున్న నేల, దాని వెంట నడిచే కాగితం. ఇనుము, ఇంజను, చెమట ఆ తరువాతి లెక్కలు.

ఈ ప్రశ్న నాకు పోతిరెడ్డిపల్లిలో ఎదురైంది గనుక ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. సంగారెడ్డి అంచున, హైదరాబాదు నుంచి ముంబయి దిక్కుగా పోయే జాతీయ రహదారి మీద ఉన్న చౌరస్తా మాది. ఆ రహదారిని ఒకప్పుడు తొమ్మిదో నంబరుగా పిలిచేవాళ్ళం. 2010లో నంబర్లు మారాక అరవై అయిదైంది. హైదరాబాదు నుంచి వస్తుంటే రామచంద్రాపురంలో భెల్, పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్, దాని చుట్టూ పారిశ్రామికవాడలు. మరోవైపు ఎద్దుమైలారంలో 1980ల నాటి ఆయుధ కర్మాగారం; ‘శరత్’ అనే పేరుతో సైన్యం వాడే బీఎంపీ-2 శకటాలు అక్కడే తయారవుతాయి. ఇంకా పడమటికి పోతే జహీరాబాదు. 1980ల దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు కట్టిన చోటు అది. తరువాత మహీంద్రా చేతికి వచ్చింది. అంటే గతుకుల నేలను లెక్కచేయని బండ్లు కట్టడం ఈ దారికి కొత్త విద్య కాదు. ఇక్కడి వెల్డింగు షాపుల్లో, లేత్ షాపుల్లో ఆ విద్య చిల్లరగా కూడా దొరుకుతుంది. అయితే ఈ కర్మాగారాల గేటు దాటే ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఒక తనిఖీ ముద్ర ఉంటాయి. షెడ్డులో కట్టిన బగ్గీకి లేనివి సరిగ్గా అవే.

ఇలాంటి బండి మొదటిసారి పెద్ద సరుకుగా మారింది అమెరికాలోని కాలిఫోర్నియాలో. బ్రూస్ మేయర్స్ అనే ఆయన ఫైబర్‌గ్లాసుతో పడవలు కట్టే పనివాడు. సముద్రతీరపు ఇసుకదిబ్బల మీద తిరగడానికి 1964లో ఒక బగ్గీ కట్టుకున్నాడు. పడవ ఒడుపుతోనే దాని ఒంటిని ఒకే ముక్కగా పోతపోశాడు. ఇంజను మాత్రం ఫోక్స్‌వాగన్ బీటిల్‌ది. దానికి మేయర్స్ మాంక్స్ అని పేరు. మొదట చేసిన డజను బండ్ల పద్ధతి ఖర్చుతో కూడినదని తేలాక ఆయన దారి మార్చాడు. బీటిల్ కారు అడుగు పలకను కొంత కురచ చేసి, దానిమీద తగిలించుకునే ఒంటిని మాత్రమే అమ్మసాగాడు. కొన్నవాడు పాత బీటిల్ తెచ్చుకుని తన బండిని తానే కట్టుకోవాలి. ఆయన నిండు బండిని అమ్మడం మానేసి, బండి కట్టుకునే వీలును అమ్మాడన్నమాట. రోడ్డు కాగితాల బాధ కూడా చాలావరకు ఆ పాత బీటిల్‌తోనే తీరిపోయేది.

ఆ బండికి గిరాకీ తెచ్చింది మాత్రం నేల. 1967 ఏప్రిల్‌లో మేయర్స్, ఆయన స్నేహితుడు టెడ్ మాంగెల్స్ కలిసి మెక్సికోలోని బాహా ద్వీపకల్పం పొడవునా లాపాజ్ నుంచి తిహువానా దాకా 34 గంటల 45 నిమిషాల్లో నడిపారు. అంతకుముందు మోటారుసైకిలు పేర ఉన్న రికార్డు అయిదు గంటలకు పైగా తగ్గింది. అదే ఏడాది చివర ఆ దారిలో మొదటి పందెం జరిగింది, అందులోనూ మాంక్సే గెలిచింది. ఆర్డర్లు వచ్చిపడ్డాయి, వాటి వెంటే నకళ్ళూ వచ్చాయి. మేయర్స్ తన నమూనాకు తీసుకున్న పేటెంటు న్యాయస్థానంలో నిలవలేదు. 1971లో ఆయన సంస్థ మూతపడింది. తాను చేసినవి ఆరువేల చిల్లర అయితే, నకళ్ళు లక్షల్లో అమ్ముడయ్యాయని చెబుతారు. ‘ఓల్డ్ రెడ్’ అని పిలిచే ఆ మొట్టమొదటి బండిని 2014లో అమెరికా చారిత్రక వాహనాల జాబితాలో చేర్చారు. నేల సంపాదించిపెట్టిన వెలను చాలినంత గట్టి కాగితం లేక ఆయన నిలుపుకోలేకపోయాడు. గౌరవం వచ్చింది గాని అర్ధశతాబ్ది ఆలస్యంగా వచ్చింది. ఆయన 2021లో కాలం చేశాడు.

బాహా అన్న ఆ పేరే తరువాత కాలేజీల్లోకి నడిచింది. 1976లో దక్షిణ కరొలినా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థులకు ‘మినీ బాహా’ పోటీ మొదలైంది. అందరికీ ఒకే చిన్న ఇంజను, మిగిలినదంతా విద్యార్థుల చేతిపని. మన దేశంలో ఎస్‌ఏఈ ఇండియా 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఈ పోటీని ప్రారంభించింది. ఏళ్ళ తరబడి దానికి ముఖ్య పోషకురాలు మహీంద్రా. ఆ తరువాత మన తెలుగునాట కూడా ఇంజనీరింగు కాలేజీల వర్క్‌షాపుల్లో గొట్టాల పంజరాలు లేవడం మొదలైంది.

ఈ పోటీ నియమాల్లో ఒక చమత్కారం ఉంది. విద్యార్థులు కట్టేది తమకోసం కాదు. ఒక ఊహా సంస్థకు నమూనా బండిని ఇస్తున్నామనీ, ఆ సంస్థ ఏడాదికి 4,000 బండ్లు చేసి సరదాగా గుట్టలెక్కే సామాన్యులకు అమ్ముతుందనీ అనుకోవాలి. పరుగుతోపాటు, ఈ బండిని కొనండి అని న్యాయనిర్ణేతలను ఒప్పించే అమ్మకపు ప్రసంగానికీ మార్కులుంటాయి. అంటే ఊహాలోకంలో ఏటా నాలుగువేల బండ్లు అమ్మగలిగిన కుర్రవాడు, ఇంటికి వచ్చాక చేతిలో ఉన్న ఆ ఒక్క బండిని అమ్మలేడు. కారణం తెలివి చాలక కాదు, మన చట్టం అలాంటిది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్‌లో మోటారు వాహనం అంటే ఏమిటో నిర్వచించారు. రోడ్ల మీద వాడకానికి అనువైన యాంత్రిక వాహనమేదైనా మోటారు వాహనమే. కర్మాగారంలోనో, మరే ఆవరణలోనో మాత్రమే వాడటానికి చేసిన ప్రత్యేక తరహా వాహనానికి మినహాయింపు ఉంది. రిజిస్ట్రేషను లేనిదే బహిరంగ ప్రదేశంలో బండి నడపరాదని ముప్పై తొమ్మిదో సెక్షను. కొత్త నమూనా ఏదైనా రోడ్డెక్కాలంటే పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ధ్రువపత్రం కావాలి. ఒక్క బండి కట్టుకున్నవాడికి అది అందని ద్రాక్ష. ఉత్తరాదిన డీజిలు పంపుసెట్ల ఇంజన్లతో కట్టే ‘జుగాడ్’ బండ్లు కూడా మోటారు వాహనాలేననీ, చట్టానికి లోబడాల్సిందేననీ సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

కాబట్టి మన బగ్గీ ఆవరణ దాటనంతవరకు చట్టం కళ్ళకు మామూలు సరుకు, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కింద బీరువాలాగా, నీళ్ళ పంపులాగా అమ్ముకోవచ్చు. ఆవరణ దాటి రోడ్డు మీద చక్రం మోపిన క్షణాన అది రిజిస్ట్రేషను లేని మోటారు వాహనమైపోతుంది. మామూలు కారు అమ్మినప్పుడు యాభయ్యో సెక్షను కింద యజమాని పేరు మార్పిస్తాం. పేరు మారకపోతే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత కాగితంలో పేరున్న పాత యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ ఆర్‌సీ కాగితం అమ్మినవాడిని విడిపించే రసీదు కూడా. బగ్గీ అమ్మేవాడికి ఆ విడుదల పత్రం లేదు.

ఈ చిక్కును మనకు దగ్గరివారే ఇద్దరు రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. ఇద్దరూ కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మూలాల నాయుడు కుటుంబాలవారే. మొదటివారు జి.డి. నాయుడు (1893–1974). కుర్రతనంలో ఒక ఆంగ్లేయుడి మోటారుసైకిలు చూసి మోజుపడి, డబ్బు కూడబెట్టి దాన్ని కొని, విడదీసి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో రవాణా మొదలుపెట్టి గొప్ప సంస్థగా పెంచారు. 1952లో రెండువేల రూపాయలకే ఇవ్వగల రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. అక్కడ బండి ఉంది, కొనేవారూ ఉండేవారే, కాగితం రాలేదు.

రెండోవారు ఎస్. కరివర్ధన్ (1954–1995). లక్ష్మీ మిల్స్ కుటుంబీకుడు, తానే పందెగాడు, తానే బండ్ల రూపకర్త. అంతకుముందు మన దేశపు పందెపు కార్లలో ఎక్కువభాగం ఎవరికి వారు పాత కార్ల ఇంజన్లతో కట్టుకున్న ‘స్పెషల్’లే. మద్రాసు దగ్గర షోలవరంలోని పాత విమానాశ్రయపు రన్‌వే మీద అవి పరుగెత్తేవి. ఏ రెండూ ఒకలా ఉండవు గనుక ఒకడి బండి ఇంకొకడికి ఎంతకు పనికొస్తుందో చెప్పడం కష్టం. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒకే అచ్చులో చవక కార్లు కట్టి, ఆ ఒక్క రకం కార్లకే ఒక పోటీ తరగతి ఉండేలా చూశారు. అదే ఫార్ములా మారుతి. ఆ కారు రోడ్డెక్కనవసరం లేదు, ఆర్టీవోను అడగనవసరం లేదు. అయినా దానికి పేరుంది, కొలతలున్నాయి, పరుగెత్తడానికి కంచె వేసిన నేల ఉంది. 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్ళిన నారాయణ్ కార్తికేయన్ కూడా తొలిరోజుల్లో నడిపినది ఆ తరగతి కారునే. కరివర్ధన్ అకాలమరణం తరువాత, 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. బండి కట్టేవారు చాలామంది ఉంటారు. బండితోపాటు దాని నేలనూ, దాని నియమపుస్తకాన్నీ కట్టడంలోనే ఆయన దూరదృష్టి ఉంది.

ఇక మా ఊళ్ళో సంగతి. నేను ఈ పారిశ్రామికవాడలోనే చాలా ఏళ్ళు మెషిన్ షాపులో పనిచేశాను. మా ఇంటి వెనుక షెడ్డులో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు ఐటీఐ ఫిట్టరు, ఒకడు డిప్లొమా చదువుతున్నవాడు, రెండేళ్ళపాటు రాత్రులు కూర్చుని ఒక బగ్గీ కట్టారు. ఫిట్టరు కుర్రవాడి చెల్లెలి పెళ్ళి కుదిరింది, డబ్బు అవసరపడింది. “కాకా, ఎంత చెప్పాలె?” అని వచ్చారు. మూడు బేరాలు తగిలాయి. పాత ఇనుప సామాన్ల వ్యాపారి కాటా వేసి కిలోల లెక్కన ఇస్తానన్నాడు. మామిడితోట ఉన్న పెద్దమనిషి ఒకాయన చుట్టూ తిరిగి చూసి, “బండి మంచిగనే ఉన్నది, మరి కాయిదాలేవి?” అన్నాడు. మూడోవాడు నగరం నుంచి వచ్చిన యువకుడు. అందరికన్నా ఎక్కువ ధర చెప్పి, నోట్లు చూపించి, రాత్రిపూట హైవే మీద నడుపుతానని దాచకుండా చెప్పాడు.

పెళ్ళి ఖర్చు ఎదురుగా ఉన్న ఇంట్లో ఆ నోట్లను కాదనడం తేలిక కాదు. ఆ రోడ్డు మీద రాత్రిళ్ళు ఎలాంటి లారీలు పోతాయో, మడ్‌గార్డు కూడా లేని బండి వాటి పక్కన ఏమవుతుందో మాకు తెలుసు. నేనేమీ తీర్పు చెప్పలేదు. పైన రాసిన కథలన్నీ వాళ్ళకు చెప్పాను. ఒక రాత్రి ఆలోచించుకుని తోట యజమానికే ఇస్తామన్నారు. మూడోవాడు చెప్పినదాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. స్టాంపు కాగితం మీద గొట్టాల కొలతలు, ఇంజను నంబరు, ఆ ఇంజను ఎక్కడ కొన్నారో దాని రసీదు, ఏ అతుకు ఎవరు వేశారు, బ్రేకులు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నీ రాశాం. తోట కంచె దాటి నడపకూడదన్న షరతు పెట్టి, ఇరుపక్షాలవారూ సాక్షులూ సంతకాలు చేశాం. పంజరం మీద ఇద్దరి పేర్లూ పంచ్‌తో కొట్టారు. పెళ్ళికి తక్కువపడిన మొత్తాన్ని ఆ పిల్లవాడు ఓవర్‌టైము చేసి తీర్చుకుంటున్నాడు.

ఇదే కంది గ్రామంలో, మా చౌరస్తాకు దగ్గరలోనే, ఐఐటీ ఆవరణలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే ‘తిహాన్’ అనే క్షేత్రాన్ని 2022లో ప్రారంభించారు. మనిషి లేకుండా నడిచే బండికి కంచె వేసిన నేల ఇవ్వగలిగాం. మనిషి తన చేత్తో కట్టుకున్న బండికి ఈ జిల్లాలో ఒక ఎకరం బురదనేల, నాలుగు పుటల నియమాలు, బ్రేకులు చూసి సంతకం చేసే ఒక ఇన్‌స్పెక్టరు ఇస్తే చాలు. అప్పుడు ఆ షెడ్లలోని పనితనానికి ధర పలుకుతుంది. కొనడానికి వచ్చినవాడికి హైవే తప్ప మరో చోటు లేకపోవడమనే ప్రమాదమూ తప్పుతుంది. అంతవరకు, ఇంట్లో ఏ యంత్రం కట్టుకున్నా మొదటి రోజునుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకోమని కుర్రాళ్ళకు చెబుతున్నాను. గొట్టం కొన్న రోజు, అతుకు విరిగిన రోజు, మళ్ళీ వేసిన రోజు అందులో రాయాలి. ప్రభుత్వం ఇవ్వని కాగితాన్ని పనివాడు తానే రాసుకోవచ్చు.